శ్రుతి చేయగల గామా కాంతి: హౌరా పోత కర్మాగారాలకు దానితో ఏమి పని?

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతా మహానగరానికి ఎదురుగా ఉన్న హౌరా పట్టణం రైళ్లకు, జనపనార మిల్లులకు ఎంత పేరు పొందిందో, ఇనుప పోత పనికీ అంతే పేరు పొందింది. వీధుల్లో మ్యాన్‌హోల్ మూతలుగా అమెరికా నగరాల వరకు వెళ్లిన ఇనుము ఇక్కడి కొలుముల్లోనే కరిగింది. మ్యాన్‌హోల్ మూత లోపల చిన్న గాలి బుడగ ఉన్నా కొంపలేమీ మునగవు. అధిక పీడనంలో ఆవిరిని ఆపవలసిన వాల్వుకో, రైలు బోగీ కింద బరువు మోసే ఉక్కు భాగానికో ఆ వెసులుబాటు లేదు. కరిగిన లోహం అచ్చులో గట్టిపడేటప్పుడు లోపల చిక్కుకున్న బుడగ, ఇసుక రేణువు, సన్నని పగులు బయటికి కనిపించవు. వాటిని చూడాలంటే వస్తువును కోయాలి, లేదా దాని గుండా దూసుకుపోగల కాంతిని పంపాలి.

ప్రపంచమంతటా పోత పరిశ్రమ ఇందుకు వాడే కాంతుల్లో ముఖ్యమైనది గామా కిరణం. 1900లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ విల్లార్ రేడియం నుంచి వెలువడుతున్న ఈ కిరణాలను గుర్తించారు. 1903లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ వాటికి గామా అని పేరు పెట్టారు. స్వభావంలో ఇది మామూలు వెలుగే. తేడా అంతా ఒక్కొక్క కాంతి కణం, అంటే ఫోటాన్, మోసే శక్తిలో ఉంది. ఆకుపచ్చ కాంతి ఫోటాను శక్తి సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. పరిశ్రమల్లో వాడే కోబాల్ట్-60 గామా ఫోటాను శక్తి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు పైమాటే. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులను ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు అంటారు, క్లుప్తంగా ఎంఈవీ.

గామా ఫోటోగ్రఫీ పద్ధతి చూడడానికి సులభం. కెమెరా అని పిలిచే బరువైన పెట్టె లోపల, సీసం కన్నా సాంద్రమైన యురేనియం కవచం మధ్య, చిన్న గొట్టంలో మూసిన ఇరిడియం-192 లేదా కోబాల్ట్-60 ముక్క ఉంటుంది. దూరం నుంచి పిడి తిప్పితే ఆ ముక్క తీగ చివరన బయటికి వచ్చి, పరీక్షించవలసిన వస్తువు పక్కన నిలుస్తుంది. వస్తువుకు అవతలి వైపున ఫిల్ము ఉంటుంది. లోహం దట్టంగా ఉన్నచోట తక్కువ కిరణాలు, బుడగ ఉన్నచోట ఎక్కువ కిరణాలు ఫిల్మును చేరతాయి. పని అయ్యాక ముక్క మళ్లీ పెట్టెలోకి చేరాలి. ఈ పనికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, శిక్షణ పొందిన సిబ్బంది, తాళ్లతో కట్టిన హద్దు, ఒంటిపై మోతాదు కొలిచే బిళ్ల తప్పనిసరి.

ఈ పద్ధతిలో రెండు లోపాలు పుట్టుకతోనే ఉన్నాయి. ఆ కాంతిని ఆర్పలేం. దాని శక్తిని మార్చలేం.

మొదటి లోపం మనిషి ప్రాణానికి సంబంధించినది. రేడియోధార్మిక ముక్క పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ఇరిడియం-192 అర్ధాయువు సుమారు 74 రోజులు. అంటే ఏడాది తిరిగేసరికి దాని బలం ముప్పయ్యో వంతుకు పడిపోతుంది, కొత్తది తెప్పించుకోవాలి. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. పనికి పనికిరానంత బలహీనపడిన తరువాత కూడా అది మనిషికి హాని చేయగలదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో జరిగినది ఇదే. ఒక విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా పరికరం వేలంలో తుక్కుగా అమ్ముడుపోయింది. దాన్ని విప్పదీసినవారికి లోపలున్నది కోబాల్ట్-60 అని తెలియదు. ఒకరు మరణించారు, మరి కొందరు తీవ్ర అస్వస్థతకు లోనయ్యారు. తుక్కును కరిగించి పోత పోసే ఏ ఊరికైనా ఈ ఉదంతం దూరపు వార్త కాదు. కొలిమిలోకి అలాంటి ముక్క ఒకటి జారితే ఆ రోజు పోసిన లోహమంతా కలుషితమవుతుంది. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు మీటల తయారీకి వాడిన ఉక్కులో కోబాల్ట్-60 బయటపడింది. ఆ ఉక్కు భారతదేశం నుంచి వెళ్లినదని అక్కడి అధికారులు తేల్చారు.

రెండో లోపం చూపుకు సంబంధించినది. కోబాల్ట్-60 ఎప్పుడూ 1.17, 1.33 ఎంఈవీల గామా కిరణాలనే ఇస్తుంది. ఇరిడియం కిరణాల్లో ముఖ్యమైనవి సుమారు 0.3 నుంచి 0.6 ఎంఈవీ మధ్య ఉంటాయి. ఉక్కు మందం పెరిగేకొద్దీ ఈ తేడా ఎంత పెద్దదో లెక్క వేసి చూడవచ్చు. 20 సెంటీమీటర్ల ఉక్కు గుండా, దారిలో చెదరకుండా నేరుగా అవతలికి చేరే కోబాల్ట్ ఫోటాన్లు సుమారు నాలుగున్నర వేలలో ఒకటి. ఇరిడియం సగటు శక్తి దగ్గర అది ఇరవై లక్షలకు పైగా ఉన్న ఫోటాన్లలో ఒక్కటి. అదే 8 ఎంఈవీ శక్తి గల ఫోటాన్లయితే 110కి ఒకటి చొప్పున బయటపడతాయి. ఇనుము గామా కిరణాలను అతి తక్కువగా అడ్డగించేది ఆ శక్తి దగ్గరే. శక్తిని ఇంకా పెంచితే మళ్లీ అడ్డు పెరుగుతుంది. అందువల్ల ‘ఎంత బలమైన కిరణమైతే అంత మంచిది’ అనే సూత్రం ఇక్కడ చెల్లదు. ప్రతి పదార్థానికి, ప్రతి పనికి తగిన శక్తి వేరు.

ఆర్పగల యంత్రాలు ఇప్పటికే ఉన్నాయన్న సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఎలక్ట్రాన్లను వేగవంతం చేసి బరువైన లోహపు పలకకు కొడితే చొచ్చుకుపోయే కిరణాలు పుడతాయి. విద్యుత్తు ఆపగానే అవీ ఆగుతాయి. రేవుల్లో కంటెయినర్లను తనిఖీ చేసే పెద్ద స్కానర్లు చాలావరకు ఈ కోవకు చెందినవే. రెండు శక్తులను మార్చిమార్చి వాడి లోపలున్నది లోహమా, సేంద్రియ పదార్థమా అని అవి కొంతవరకు చెప్పగలవు. కానీ వాటి కిరణంలో సున్నా నుంచి గరిష్ఠం వరకు అన్ని శక్తులూ కలగాపులగంగా ఉంటాయి. సంతలో అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నప్పుడు ఒక గొంతు వినడం ఎంత కష్టమో, అందులో ఒక్క శక్తికి వచ్చే స్పందనను వేరుచేయడం అంత కష్టం. రేడియోలో కోరిన స్టేషను కలుపుకొన్నట్టు కోరిన శక్తిని కలుపుకోగలిగితేనే గామా కాంతిని పూర్తిగా వాడుకున్నట్టు. శ్రుతి చేయగల గామా కాంతి జనకాల ఉద్దేశం అదే.

ఈ విద్యకు మూలమైన ఆలోచనకు కోల్‌కతాతో దగ్గరి చుట్టరికం ఉంది. 1923లో అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్, ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను ఢీకొన్నప్పుడు కొంత శక్తిని వాటికి ఇచ్చి, తాము బలహీనపడి చెదురుతాయని నిరూపించారు. అందుకు 1927లో నోబెల్ బహుమతి లభించింది. మామూలు వెలుగులోనూ ఇటువంటిది జరగాలని కోల్‌కతాలో ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు అప్పటికే తలపోస్తున్నారు. ఆయన విశాఖపట్నంలో బాల్యం గడిపి, అక్కడే పదకొండేళ్లకు మెట్రిక్యులేషన్ ముగించిన చంద్రశేఖర వెంకటరామన్. బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి చేసిన ప్రయోగాల ఫలితంగా 1928 ఫిబ్రవరి 28న రామన్ ప్రభావం వెలుగుచూసింది. అణువుకు తగిలిన కాంతి తన శక్తిలో కొంత పోగొట్టుకోవచ్చు, అరుదుగా కొంత సంపాదించుకోవచ్చు కూడా.

ఆ ‘సంపాదించుకోవడం’ అన్న మాటే ఇక్కడ ముఖ్యం. నిలకడగా ఉన్న ఎలక్ట్రానుకు తగిలిన ఫోటాను శక్తి కోల్పోతే, ఎదురుగా దూసుకువస్తున్న ఎలక్ట్రానుకు తగిలిన ఫోటాను శక్తి పొందుతుంది. హౌరా స్టేషను వైపు వేగంగా వస్తున్న రైలింజనుకు ఎదురుగా విసిరిన రబ్బరు బంతి, విసిరిన వేగం కన్నా ఎంతో ఎక్కువ వేగంతో తిరిగి వస్తుంది. ఇదీ అటువంటిదే. అయితే ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి అతి చేరువలో ఉంటాయి కాబట్టి పెరుగుదల ఊహకు అందనంత పెద్దది. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రానుకు ఎదురుగా 1.17 ఎలక్ట్రాన్ వోల్టుల పరారుణ లేజర్ ఫోటానును పంపితే, అది తిరిగివచ్చేటప్పటికి సుమారు 18 ఎంఈవీల గామా ఫోటాను అవుతుంది. పెరుగుదల కోటిన్నర రెట్లు. ఎలక్ట్రాను శక్తిని సగం చేస్తే గామా శక్తి నాలుగో వంతుకు, అంటే 4.5 ఎంఈవీకి తగ్గుతుంది. శ్రుతి చేయడానికి తిప్పవలసిన మీట ఇదొకటి. లేజర్ రంగు రెండోది. రెండూ ఏ కోణంలో ఢీకొంటాయన్నది మూడోది.

ఇలా పుట్టిన కిరణం టార్చిలైటులా చెదరదు. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ల నుంచి వచ్చే గామా కాంతిలో ముఖ్యభాగం పది మీటర్ల దూరంలో కూడా సుమారు ఒక సెంటీమీటరు వెడల్పులోనే ఉంటుంది. కిరణం నడిమధ్యన శక్తి గరిష్ఠం, అంచులకు పోయేకొద్దీ తక్కువ. అందుచేత సీసపు దిమ్మలోని సన్నని రంధ్రం గుండా నడిమి భాగాన్ని మాత్రమే పోనిస్తే దాదాపు ఒకే శక్తి గల కాంతి మిగులుతుంది. ఎంతో ఖరీదైన యంత్రం చివరన పని తేల్చేది ఒక రంధ్రం కావడం చిత్రమే.

ఎలక్ట్రాన్లపై లేజర్‌ను ప్రయోగించి గామా కాంతి పుట్టించవచ్చని 1963లో అమెరికా, సోవియట్ శాస్త్రవేత్తలు విడివిడిగా సూచించారు. 1970లలో ఇటలీలోని ఫ్రాస్కాటీలో అది ప్రయోగాలకు అందుబాటులోకి వచ్చింది. నేడు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఉన్న కేంద్రం 1 ఎంఈవీ నుంచి 100 ఎంఈవీ దాకా కోరిన శక్తిని ఇవ్వగలదు. జపాన్‌లోని న్యూసుబారు నిల్వ వలయంలో ఎలక్ట్రాన్ల శక్తిని మార్చి గామా శక్తిని మారుస్తారు. చైనాలోని షాంఘై నిల్వ వలయంలో 2021లో పూర్తయిన కేంద్రానిది మరో దారి. అక్కడి ఎలక్ట్రాన్లు ఇతర శాస్త్రవేత్తల పనికి కూడా కావాలి కాబట్టి వాటి జోలికి పోరు. లేజర్ తాకే కోణాన్ని మారుస్తూ 0.25 నుంచి 21.7 ఎంఈవీ వరకు శ్రుతి చేస్తారు. రుమేనియా రాజధాని బుకారెస్టు సమీపంలోని మగురేలెలో ఐరోపా నిర్మించతలపెట్టిన కేంద్రం మాత్రం అనుకున్న గడువులు దాటిపోయింది.

మరి కోరిన శక్తి చేతికి వచ్చాక ఏమి చేయవచ్చు? అన్నిటికన్నా విలక్షణమైన ఉపయోగం కేంద్రకాలను పేరుపెట్టి పిలవడం. ప్రతి పరమాణు కేంద్రకానికి తనవైన కొన్ని శక్తి మెట్లు ఉంటాయి. సరిగ్గా ఆ మెట్టుకు సరిపోయే గామా ఫోటాను తగిలితే కేంద్రకం దాన్ని మింగి, మరుక్షణంలో తిరిగి వెదజల్లుతుంది. యురేనియం-235 ఇలా పలికే శక్తుల్లో ఒకటి 1.733 ఎంఈవీ. ప్లుటోనియం-239కి 2.143 ఎంఈవీ. యురేనియం-238 స్పందించే శక్తులు వేరు. రసాయన పరీక్షకు ఒకేలా కనిపించే యురేనియం-235, 238లను పెట్టె తెరవకుండానే ఇది విడదీసి చెబుతుంది. జపాన్ పరిశోధకులు ఇనుప పలకల వెనుక దాచిన సీసపు దిమ్మను 5.5 ఎంఈవీ దగ్గర దాని స్పందనను బట్టి గుర్తించి చూపారు. వాడేసిన అణు ఇంధనంలో ప్లుటోనియం ఎంత మిగిలిందో కొలవడం, పాత వ్యర్థాల పీపాల్లో ఏముందో తెలుసుకోవడం, నౌకాశ్రయంలో సీల్ చేసిన కంటెయినరులో దాచిన అణు పదార్థాన్ని పట్టుకోవడం ఈ పద్ధతికి ముందున్న లక్ష్యాలు. మామూలు స్కానరు నీడను చూపిస్తుంది; ఇది ఆ నీడ ఎవరిదో చెబుతుంది.

వైద్యంలో దీని పాత్ర ఇంకా ప్రశ్నార్థకమే, కానీ అవసరం నిజమైనది. ఆసుపత్రుల్లో స్కానింగులకు అత్యధికంగా వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు ఆరు గంటలే. దాని తల్లి అయిన మోలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు. దీన్ని ప్రపంచానికి సరఫరా చేసేవి ప్రధానంగా కొన్ని పాత అణు రియాక్టర్లు. 2009, 2010లలో కెనడా, నెదర్లాండ్స్ రియాక్టర్లు మూతపడినప్పుడు అనేక దేశాల్లో పరీక్షలు వాయిదా పడ్డాయి. మోలిబ్డినం-100పై సుమారు 14 ఎంఈవీల గామా కాంతి పడితే ఒక న్యూట్రాను ఊడి మోలిబ్డినం-99 తయారవుతుంది. రియాక్టరుతో పని లేదు. జింకు-68 నుంచి క్యాన్సరు చికిత్సకు ఉపకరించే రాగి-67 కూడా ఇలాగే వస్తుంది. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల దీన్ని తయారు చేస్తోంది, అయితే శ్రుతి చేసిన కాంతితో కాదు, పైన చెప్పిన కలగాపులగపు కిరణాలతో. బుట్టెడు సరుకు కావలసినచోట స్వచ్ఛత కన్నా పరిమాణానిదే పైచేయి. కోల్‌కతాలోని చక్‌గరియాలో 2018లో పని ప్రారంభించిన మెడికల్ సైక్లోట్రాన్ థాలియం-201 వంటి వైద్య ఐసోటోపులను ప్రోటాన్లతో తయారు చేస్తోంది. గామా పద్ధతి ఎప్పటికైనా ఆచరణలోకి వస్తే పోటీ పడవలసింది ఇటువంటి స్థిరపడిన యంత్రాలతోనే.

పరిమాణం అన్న మాట వచ్చింది కాబట్టి ఈ విద్య బలహీనతను దాచనవసరం లేదు. ఒక క్యూరీ కోబాల్ట్-60 సెకనుకు 7,400 కోట్ల గామా ఫోటాన్లను అన్ని దిక్కులకూ విడుదల చేస్తుంది. పరిశ్రమల్లో వాడేవి పదుల క్యూరీలు. షాంఘై కేంద్రం నుంచి లక్ష్యానికి చేరే ఫోటాన్లు సెకనుకు లక్షల నుంచి కోటి పైచిలుకు వరకే. డ్యూక్ కేంద్రం ఇంతకన్నా ఎన్నో రెట్లు బలమైనదే అయినా అది ఒక భవనమంత యంత్రం. దిక్కును, శక్తిని ఎంచుకున్నందుకు చెల్లిస్తున్న మూల్యం ఇది. కేంద్రకాన్ని పిలిచే పనిలో చిక్కు మరింత సూక్ష్మం. కేంద్రకం స్పందించే శక్తి పట్టీ వెడల్పు కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. నేటి మేలైన కిరణంలోనూ శక్తి ఒక శాతం అటూ ఇటూగా ఉంటుంది, అంటే పట్టీకి వేల రెట్లు వెడల్పు. వచ్చిన ఫోటాన్లలో అత్యధికం పని చేయకుండానే పోతాయి.

యంత్రాన్ని చిన్నది చేయాలన్న ప్రయత్నం రెండు మూడు దారుల్లో సాగుతోంది. వాటిలో ఆసక్తికరమైనది స్ఫటికాన్ని వాడే దారి. సిలికాన్, వజ్రం వంటి స్ఫటికాల్లో పరమాణువులు వరుసల్లో ఉంటాయి. వేగంగా వచ్చిన ఎలక్ట్రాను ఆ వరుసల మధ్య సందులో, కాలువలో పడవలా, ఇటూ అటూ ఊగుతూ పోతుంది. ఊగినప్పుడల్లా కాంతి విడుదల చేస్తుంది. స్ఫటికాన్నే అలల ఆకారంలో వంచితే ఎలక్ట్రాను ఆ అలలను అనుసరిస్తుంది. అల పొడవును బట్టి గామా శక్తి మారుతుంది. ఈ దారి సఫలమైతే లేజర్ అక్కరలేదు. మిల్లీమీటరు పరిమాణపు స్ఫటికమే కాంతి జనకం. ఐరోపా సంఘం నిధులతో 2022లో మొదలైన టెక్నో-సీఎల్ఎస్ పథకం దీనిపైనే పనిచేస్తోంది. స్ఫటికాన్ని లోపం లేకుండా, కొలిచినట్టు వంచడమే అసలు కష్టం. ఎలక్ట్రాన్ల పుంజం మాత్రం ఇక్కడా కావాలి కాబట్టి త్వరణ యంత్రం ఖర్చు తప్పదు. దీనికి భిన్నంగా జెనీవాలోని సెర్న్ పెద్ద తరహా ఆలోచన చేస్తోంది. ఒకటి రెండు ఎలక్ట్రాన్లు మాత్రమే మిగిలిన సీసపు అయాన్లను తన మహా వలయంలో తిప్పి, వాటిపై లేజర్ ప్రయోగించి, నేటి కేంద్రాలకన్నా ఎన్నో రెట్లు తీవ్రమైన గామా కాంతిని పుట్టించాలన్నది ‘గామా ఫ్యాక్టరీ’ ప్రతిపాదన. అటువంటి అయాన్లను వలయంలో నిలపవచ్చని 2018లో పరీక్షించి చూశారు.

గామా కాంతిని పుట్టించడం సగం పని. దాన్ని సరిగా కొలవడం మిగతా సగం, అందులో కోల్‌కతాకు దశాబ్దాల అనుభవం ఉంది. సాల్ట్ లేక్‌లోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం నుంచి 1977లో తొలి పుంజం వచ్చింది. కోరిన శక్తిని ఎంచుకోవడమన్న భావం ఆ పేరులోనే ఉంది. ముంబై, ఢిల్లీ, కోల్‌కతా త్వరణ కేంద్రాల మధ్య వంతులవారీగా తిరిగే జాతీయ గామా శోధక వ్యూహం ఇక్కడ కూడా కొలువుతీరింది. కేంద్రకాల నుంచి వెలువడే అధిక శక్తి గామా కిరణాలను కొలిచే బేరియం ఫ్లోరైడ్ స్ఫటికాల వ్యూహాన్ని ఈ కేంద్రమే నిర్మించుకుంది. గామా కొలతల విద్య తెలుగు నేలకూ కొత్త కాదు. భీమవరం సమీపంలోని గొరగనమూడిలో పుట్టి, సన్యాసం స్వీకరించి, ప్రాగ్, లివర్‌పూల్ నగరాల్లో భౌతికశాస్త్రం అభ్యసించిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేశారు. పదార్థం గామా కిరణాలను ఎంతగా అడ్డగిస్తుందన్న కొలతలు అక్కడ ఏళ్ల తరబడి సాగాయి. ఆ ప్రయోగశాలలు నేటికీ ఆయన పేరుతోనే ఉన్నాయి.

హౌరా పోత కర్మాగారం గుమ్మంలోకి శ్రుతి చేయగల గామా యంత్రం సమీప కాలంలో వస్తుందని చెప్పడానికి ఇప్పుడున్న ధరలు, పరిమాణాలు, తీవ్రతలు ఏవీ ఒప్పుకోవు. ఉక్కు మందం తక్కువైనచోట ఎక్స్ కిరణాల గొట్టం, ఎక్కువైనచోట చిన్న త్వరణ యంత్రం రేడియోధార్మిక ముక్కను పక్కకు నెట్టగలవు, నెడుతున్నాయి కూడా. విద్యుత్తు లేని చోట్ల, గొట్టాల మలుపుల్లో, ఎత్తైన నిర్మాణాల మీద అరచేతిలో ఇమిడే ఇరిడియం ముక్కకు సాటి వచ్చేది ఇంకా లేదు. అందువల్ల కెమెరాల నమోదు, పాతబడిన ముక్కలను సరఫరాదారుకు తిప్పి పంపడం, తుక్కు కొలిమిలోకి వెళ్లే ముందు రేడియోధార్మికత పరీక్ష చేయడం ప్రస్తుతానికి అనివార్యం. తుక్కు బండి గేటు దాటేటప్పుడు మోగే రేడియేషన్ అలారం, కేంద్రకాన్ని పేరుపెట్టి పిలిచే యంత్రంతో పోలిస్తే చాలా నాటు సాధనమే. అది లోపలికి వస్తున్నది ఏమిటో చెప్పదు. ఏదో వస్తోందని మాత్రమే చెబుతుంది. కార్మికుడు చేయి పెట్టకముందే చెబుతుంది.